వీడియో కూర్పు: తొలి పాఠాలు



గత వార్షిక సభలో ఉపకార వేతనాల గురించి నాలుగు నిమిషాల వీడియో ఒకటి చూపించాం. చాలామంది మెచ్చుకున్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ వీడియోలో ఒక కోత తప్పు. ఆ తప్పు ఎవరిదో కాదు, ఆదివారం తరగతిలో పిల్లలకు వీడియో ఎడిటింగ్ నేర్పే మాది. ఈ ఏటి సంచికకు ఎడిటింగ్ మీద ఒక పాఠం రాసి ఇమ్మని కార్యవర్గం అడిగినప్పుడు, ఆ వీడియోనే ఉదాహరణగా పెట్టుకుని రాస్తామని చెప్పాం. పాఠం కనుక పద్ధతులు చెబుతాం. తప్పు జరిగిన చోట కొంచెం ఎక్కువసేపు ఆగుతాం. మీరిచ్చిన డబ్బు ఏమైందో మీకు చూపించేది ఇప్పుడు ఎక్కువగా ఇలాంటి వీడియోలే. అవి ఎలా తయారవుతాయో మీకు తెలిసి ఉండటం మంచిదని మా ఉద్దేశం.

కూర్పు అనే మాట

పాత తెలుగు సినిమాల్లో పేర్లు పడేటప్పుడు ‘కూర్పు’ అని ఒక పేరు వచ్చేది. ఎడిటర్ పేరన్నమాట. ఇంగ్లీషులో ఈ పనికి వాడుకలో ఉన్న మాట ‘కట్’. నిజానికి అప్పుడు చేసింది కోతే. ఫిల్మును మూవియోలా అనే యంత్రం మీద చూసుకుంటూ, కావలసిన చోట కోసి, ముక్కకు ముక్క అతికించేవారు. అయినా మనవాళ్లు ఆ పనిని కోత అనలేదు, పూలు కూర్చినట్టు కూర్పు అన్నారు. తరగతి మొదటి రోజున పిల్లలకు మేము ఈ మాటే బోర్డు మీద రాస్తాం. తీసేసిన దాన్ని ఎవరూ చూడరు. మిగిలినవి పక్కపక్కన చేరి ఏం చెబుతున్నాయన్నదే చూసేవారికి అందుతుంది.

తార్నాకకు ఈ విద్యతో పాత పరిచయమే ఉంది. 1984 ఆగస్టు 15న యూజీసీ వారు దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది పేరుతో ఉన్నత విద్యా పాఠాలు మొదలుపెట్టారు. ఆ పాఠాలు తయారు చేయడానికి దేశంలో కొన్ని విశ్వవిద్యాలయాల్లో మీడియా కేంద్రాలు పెట్టారు. వాటిలో రెండు మన పక్కనే ఉన్నాయి. ఒకటి ఉస్మానియాలో, రెండోది అప్పట్లో సీఫెల్ అని పిలిచిన, 2007 నుంచి ఇఫ్లూ అయిన సంస్థలో. తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీకి నడిచి వెళ్లేవాళ్లకు ఆ గేటు రోజూ కనిపిస్తుంది.

ఆ కాలంలో ఎడిటింగ్ టేపు మీద జరిగేది. రెండు యంత్రాలుండేవి. ఒకదానిలో చిత్రీకరించిన టేపు ఆడుతుంటే, కావలసిన ముక్కలను వరుసగా రెండోదానిలోకి ఎక్కించేవారు. ఇరవై నిమిషాల పాఠం పూర్తయ్యాక మూడో నిమిషంలో ఐదు సెకన్లు అదనంగా చేర్చాలంటే, అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ ఎక్కించుకోవాలి. లేదా తయారైన టేపునే కాపీ చేస్తూ మధ్యలో చేర్చాలి. జిరాక్సుకు జిరాక్సు తీస్తే అక్షరాలు వెలిసినట్టు, కాపీకి కాపీ తీసిన కొద్దీ బొమ్మ మసకబారేది. అందుకే యంత్రం ముందు కూర్చోకముందే ఏ మాట ఉంచాలో ఏది తీసేయాలో కాగితం మీద తేల్చుకునేవారు. దానికి పేపర్ ఎడిట్ అని పేరు.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ ఇబ్బంది లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ చేర్చవచ్చు, తీసేయవచ్చు. ఇంకో సంగతి గమనించాలి. మనం టైమ్‌లైన్ మీద ముక్కను కోసినప్పుడు అసలు ఫైలు తెగదు. ఈ ఫైలులో ఇన్నో సెకను నుంచి ఇన్నో సెకను దాకా చూపించు అనే ఆదేశం మాత్రమే కంప్యూటర్ రాసుకుంటుంది. తీసేశామనుకున్న మాట అసలు ఫైలులో అలాగే ఉంటుంది. మా తప్పును దిద్దుకోగలిగింది ఈ ఏర్పాటు వల్లే.

కోతకు ముందు

మన వీడియో కథ చిన్నది. తార్నాక దగ్గరి బస్తీలో ఉండే ఒక అమ్మాయి ఉస్మానియాలో ఎంఏ చదువుతోంది. తండ్రి లేడు. తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది. అమ్మాయి పొద్దున ఇంటి నుంచి బయలుదేరి క్యాంపస్ చేరే దాకా ఒక భాగం, తల్లి మాటలు ఒక భాగం, చివర అమ్మాయి మాటలు. రెండు ఫోన్లతో మా విద్యార్థులే చిత్రీకరించారు. మొత్తం మూడు గంటల పైచిలుకు వచ్చింది. అందులోంచి నాలుగు నిమిషాలు తేల్చాలి.

మొదటి పని కాపీలు. ఫోనులో ఉన్నది ఉండగానే రెండు వేర్వేరు డిస్కుల మీదికి ఎక్కించాలి. ఒకటే కాపీ ఉంటే ఏ కాపీ లేనట్టే లెక్క. రెండో పని పేర్లు పెట్టడం. ఫోను తనంతట తాను పెట్టే అంకెల పేర్లతో పది రోజుల తర్వాత ఏదీ దొరకదు. తేదీ, చోటు, ఎవరు అనే మూడూ పేరులో ఉండాలి.

మూడో పని చాలామంది చేయరు, తర్వాత తల పట్టుకుంటారు. మన దేశంలో టీవీకి సెకనుకు 25 ఫ్రేములు, సినిమాకు 24, ఫోనుకు సాధారణంగా 30. ఫోను ఆ 30ని కూడా నిలకడగా ఉంచదు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తుంది. ఇలాంటి ఫైలును అలాగే టైమ్‌లైన్ మీద పెడితే, పది నిమిషాల ఇంటర్వ్యూలో చివరికొచ్చేసరికి పెదవులు ఒకటి పలుకుతుంటే మాట ఒకటి వినిపించవచ్చు. ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిలకడైన ఫ్రేము రేటుకు మార్చుకోవాలి. ఎడిటింగ్‌కు మేము వాడేది కేడెన్‌లైవ్. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ కూడా మంచిదే, దానికి బలమైన కంప్యూటర్ కావాలి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఏ మిషన్ మీద కుట్టినా కొలతలు సరిగ్గా ఉండాలి కదా.

ఆ తర్వాత పాతకాలపు పేపర్ ఎడిట్. ఇంటర్వ్యూలో ప్రతి మాటనూ సమయంతో సహా కాగితం మీద రాసుకుని, ఉంచే వాక్యాల కింద గీత గీయాలి. మా విద్యార్థులకు ఇది విసుగు పుట్టించే పని. ఆ వీడియోకు ఈ పని సగంలో వదిలేశారు. సభ దగ్గరపడిందని మేమూ చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

దిశ, కదలిక

ఇప్పుడు షాట్ల సంగతి. చోటు తెలియడానికి దూరపు షాట్, మనిషి తెలియడానికి మధ్య షాట్, మనసు తెలియడానికి దగ్గరి షాట్. ఆర్ట్స్ కాలేజీ లాంటి రాతి కట్టడం ముందు నిలబడితే పిల్లలకు దూరపు షాట్ మీదే మోజు పుడుతుంది. 1939లో ప్రారంభమైన ఆ భవనం ఎంతసేపు చూసినా తనివి తీరదు, నిజమే. కానీ వీడియోలో అది మూడు నాలుగు సెకన్లు చాలు. మెట్లెక్కుతున్న అమ్మాయి చెప్పులు, భుజం మీద జారుతున్న సంచీ, అవి చెప్పే సంగతి భవనం చెప్పదు.

కొత్తవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు దిశది. అమ్మాయి తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ వైపు నడుస్తోంది. రోడ్డుకు ఒక పక్క నిలబడి తీస్తే తెర మీద ఎడమ నుంచి కుడికి వెళుతుంది. మా వాడొకడు మధ్యలో ట్రాఫిక్ చూసుకుని రోడ్డు దాటి అవతలి పక్క నుంచి తీశాడు. ఆ షాట్‌లో ఆమె కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే, అమ్మాయి ఏదో మరచిపోయి ఇంటికి తిరిగి వెళుతున్నట్టుంది! నడిచే దారి వెంట ఒక గీత ఉందనుకుని, కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒకే వైపున ఉండాలన్నది సూత్రం. సగం వృత్తం అంటే 180 డిగ్రీలు కనుక దానికి ఆ పేరే వచ్చింది. దాటక తప్పకపోతే, మధ్యలో ఆమె నేరుగా కెమెరా వైపు నడిచి వచ్చే షాట్ ఒకటి వేయాలి. అప్పుడు చూసేవారి మనసు సర్దుకుంటుంది. అదృష్టవశాత్తూ మెట్రో స్తంభాల దగ్గర అలాంటి షాట్ ఒకటి దొరికింది.

కదలిక మీద కోస్తే కోత కనబడదు. దూరపు షాట్‌లో లైబ్రరీ తలుపు మీద చెయ్యి వేస్తుంది, దగ్గరి షాట్‌లో తలుపు తెరుచుకుంటుంది. చెయ్యి కదులుతుండగానే మారిస్తే కన్ను కదలిక వెంట పోతుంది, అతుకును పట్టించుకోదు. అదే కోణం నుంచి అదే మనిషిని తీసిన రెండు ముక్కలు అతికిస్తే మాత్రం మనిషి ఉలిక్కిపడ్డట్టు గెంతుతుంది. కోణం కనీసం 30 డిగ్రీలైనా మారాలంటారు. మారకపోతే మధ్యలో వేరే షాట్ ఏదైనా వేసి అతుకును కప్పాలి. తల్లి మాట్లాడుతుంటే ఆమె చేతులు, మిషన్ చక్రం, గోడ మీద గడియారం. ఈ కప్పే షాట్లను ముందే తీసి పెట్టుకోమని చెబుతాం. ఎందుకు చెబుతామంటే అవి చాలా పనికొస్తాయి. ఎంత పనికొస్తాయంటే, ఏం కోశారో ఎవరికీ తెలియనంత. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు పేజీ తిప్పినట్టు, గుండె ఆకారంలో విచ్చుకున్నట్టు మార్చే హంగులు సాఫ్ట్‌వేర్‌లో వందల కొద్దీ ఉంటాయి. పెళ్లి వీడియోలకు వదిలేద్దాం.

శబ్దం

బొమ్మ కొంచెం వణికినా జనం క్షమిస్తారు, మాట వినబడకపోతే క్షమించరు. అందుకే మైకు నోటికి దగ్గరగా ఉండాలి. టైమ్‌లైన్‌లో మాట గట్టిగా ఉన్న చోట్ల కూడా మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్‌ల మధ్య ఆడేటట్టు చూసుకోవాలి. సున్నా తగిలితే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది, దాన్ని ఆ తర్వాత బాగుచేయడం దాదాపు కుదరదు.

ప్రతి గదికీ ఒక నిశ్శబ్దం ఉంటుంది. ఫ్యాను, వీధి, పక్కింటి కుక్కర్ కలిసిన నిశ్శబ్దం. ఇంటర్వ్యూ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఆ నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. రెండు మాటల మధ్య అతుకు వేసినప్పుడు ఖాళీలో దాన్ని పరుస్తాం. లేకపోతే ఒక్కసారిగా చెవులు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది.

తల్లితో మాట్లాడుతుండగా అసర్ అజాన్ వినిపించింది. కెమెరా ఆపలేదు. తర్వాత ఎడిటింగ్‌కు కూర్చుంటే, మాటల మధ్య ఎక్కడ కోసినా వెనుక అజాన్ సగంలో తెగి ఇంకో చోట అందుకుంటోంది. వినేవారికి అది ఎంత కష్టంగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ రెండు నిమిషాల మాటలూ వాడుకోలేకపోయాం. అజాన్ వినబడగానే కెమెరా ఆపి, అయ్యాక మొదలుపెట్టడం అదబు మాత్రమే కాదు, ఎడిటింగ్ సూత్రం కూడా అని అప్పటి నుంచి తరగతిలో చెబుతున్నాం.

శబ్దం బొమ్మ కన్నా ముందు రావచ్చు, వెనుక దాకా సాగవచ్చు. అమ్మాయి ఇంకా క్యాంపస్‌లో ఉండగానే మిషన్ చప్పుడు మొదలై, తర్వాత ఇల్లు కనబడితే ఆ దాటడం మెత్తగా ఉంటుంది. దీన్ని జే కట్ అంటారు. ఇల్లు వదిలేశాక కూడా తల్లి గొంతు కొంతసేపు వినిపిస్తే ఎల్ కట్. టైమ్‌లైన్ మీద బొమ్మ ముక్క, శబ్దం ముక్క కలిసి ఆ అక్షరాల ఆకారంలో ఉంటాయి కనుక ఆ పేర్లు.

మన వీడియోల్లో వాద్య సంగీతం వద్దని దాతలు కొందరు కోరారు. మాకూ అదే సౌకర్యం. నేపథ్యంలో వయొలిన్ వేస్తే ఏ నాసిరకం కూర్పయినా గంభీరంగా కనిపిస్తుంది. అది లేనప్పుడు కూర్పు తన కాళ్ల మీద తాను నిలబడాలి.

పక్కన ఏముందన్నది

1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం తీసుకుని, ఒకచోట సూపు గిన్నె పక్కన, ఒకచోట శవపేటిక పక్కన, ఒకచోట ఒక స్త్రీ పక్కన పెట్టి చూపించాడు. చూసినవారు ఆ ముఖంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనిపించాయని నటుణ్ణి పొగిడారట. ముఖం మాత్రం అదే.

ఇది చదివి నవ్వుకుంటాం కానీ, మన వీడియోలో మేము చేసిందీ అదే. తల్లి ఒకచోట తల వంచుకుని పది సెకన్లు మౌనంగా ఉంటుంది. దానికి ముందు పైకప్పు రేకు మీద చిల్లు చూపించే షాట్ వచ్చింది. సభలో కళ్లు తుడుచుకున్నది అక్కడే. ఆమె నిజానికి అప్పుడు మా విద్యార్థి దుపట్టాకు మైకు తగిలిస్తుంటే, ఎప్పుడు అవుతుందా అని ఎదురు చూస్తోంది.

వాల్టర్ మర్చ్ అనే పేరున్న అమెరికన్ ఎడిటర్ ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’ అనే పుస్తకంలో మంచి కోతకు ఆరు లక్షణాలు చెప్పి, వాటికి మార్కులు కూడా వేశాడు. అందులో భావోద్వేగానికే నూటికి 51. కథకు 23, లయకు 10, మిగతా మూడింటికీ కలిపి 16. సినిమాకు ఆ లెక్క సరిపోవచ్చు. నటి ఏడిస్తే అది ఆమె పని. నిజం మనిషిని, అందులోనూ మన నుంచి సాయం పొందుతున్న మనిషిని చూపించే వీడియోలో భావోద్వేగానికి సగం మార్కులు వేయడానికి మేము ఒప్పుకోం. పది మార్కులు కూడా ఎక్కువే.

పన్నెండు సెకన్లు

ఇక అసలు కోత. తల్లి మాట్లాడింది మన దక్కనీలో. ఆమె అన్న మాట ఇది: “హమ్నా కోయీ నై బోల్కే సమ్జీ థీ మై. మగర్ భాయీ పైలే సాల్ కీ ఫీస్ భరే.” ఆ తర్వాత అన్న ఆటో గురించి, ఆటో మీద తీసుకున్న అప్పు గురించి కొంత చెప్పింది. తెలుగులో అయితే, ‘మాకెవరూ లేరని అనుకున్నాను, కానీ అన్న మొదటి ఏడాది ఫీజు కట్టాడు’ అని. మొత్తం పన్నెండు సెకన్లు అదనం. వీడియో నాలుగు నిమిషాలు మించకూడదని కార్యవర్గం చెప్పింది. ‘నై’ దగ్గర ఆమె అర సెకను ఆగింది. మా విద్యార్థి అక్కడ కోశాడు. మీద మిషన్ చక్రం షాట్ కప్పాడు. మేము చూశాం, సరే అన్నాం.

దక్కనీ తెలిసినవారికి ఇందులో కిటుకు అర్థమయ్యే ఉంటుంది. తెలుగు పక్కనే పెరిగిన మన దక్కనీ, తెలుగువాళ్ల ‘అని’ లాగా ‘బోల్కే’ను మాట చివర తగిలిస్తుంది. ‘నై’ దగ్గర ఆపితే అది ఆమె ప్రకటన. ‘బోల్కే సమ్జీ థీ’ దాకా వింటే అది ఆమె ఒకప్పటి పొరపాటు అభిప్రాయం. ఆమె తెలుగులో మాట్లాడి ఉంటే ‘లేరని’ ఒకే మాటగా కలిసిపోయి కత్తి దిగేది కాదు. దక్కనీలో రెండు మాటల మధ్య సందు ఉంది. మన భాషల్లో వాక్యం అర్థం చివరి క్రియలో ఉంటుంది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో శ్వాస తీసుకున్న చోట కోయవచ్చని రాస్తారు. మనకు అది చాలదు. క్రియ వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాత ‘కానీ’, ‘మగర్’ ఉందేమో విని, అప్పుడు కోయాలి.

సభలో మూడో వరుసలో ఆ అన్న కూర్చుని ఉన్నాడు. మేనకోడలి వీడియో వేస్తున్నారని ఆటో పక్కన పెట్టి వచ్చాడు. చాయ్ దగ్గర మా వద్దకు వచ్చి, గొంతు పెంచకుండా, “మాస్టర్ సాబ్, మై నై థా క్యా?” అన్నాడు. నేను లేనా అని. మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు బంధువులు కూడా ఉన్నారు. అప్పు చేసి ఫీజు కట్టిన అన్నను నలుగురిలో లేడన్న చెల్లెలుగా ఆమెను నిలబెట్టింది మేము. ఆమె ఆ మాటే అనలేదు.

దాతల విషయంలోనూ నష్టం జరిగింది. ఆ రాత్రే ఇద్దరు ‘ఎవరూ లేని ఆ తల్లికి’ అని రాసి విడిగా డబ్బు పంపారు. మర్నాడు ఇద్దరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాం. ఒకరు ఆ డబ్బు ఆమెకే ఇవ్వండి అన్నారు. ఇంకొకరి కోరిక మీద వారిది సాధారణ నిధికి మార్చాం. ఇద్దరూ కోప్పడలేదు, కానీ ఆ ఫోన్లు చేయడం తేలికగా లేదు.

అన్‌నిసా సూరా 43వ ఆయతు గురించి మన ఇళ్లలో పెద్దలు చెప్పే హాస్యం అందరికీ తెలిసిందే. మత్తులో ఉన్నప్పుడు నమాజుకు దగ్గర కావద్దన్న ఆదేశంలో, నమాజుకు దగ్గర కావద్దు అన్నంత వరకే చదివి ఆపేసేవాడి కథ. సగం మాట పట్టుకుని వాదించేవాణ్ణి ఇప్పటికీ ఆ పేరుతోనే ఎత్తిపొడుస్తాం. మా విద్యార్థికీ తెలుసు, మాకూ తెలుసు. తెలిసీ అదే చేశాం, మిషన్ చక్రం అందంగా తిరుగుతోందని.

ఇందుకు మన విద్వాంసులు ఎప్పుడో నియమం పెట్టి ఉంచారు. ఉస్మానియా క్యాంపస్‌లో దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో పుట్టిన సంస్థ. అరబీ రాతప్రతులను వెదికి తెచ్చి, ఒకే గ్రంథానికి దొరికిన ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి, తేడాలు చూపిస్తూ అచ్చు వేయడం దాని పని. హదీసు ఉల్లేఖకుల జీవిత వివరాలతో ఇబ్న్ హజర్ అస్ఖలానీ రాసిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్‌ను లోకానికి అచ్చులో అందించింది ఈ హైదరాబాదు సంస్థే. ఆ ఇబ్న్ హజరే నుజ్హతున్ నజర్‌లో, హదీసును కుదించి చెప్పవచ్చా అన్న ప్రశ్న ఎత్తుకున్నాడు. చాలామంది పండితులు అనుమతించారు, ఒక షరతు మీద. కుదించేవాడు విషయం తెలిసినవాడై ఉండాలి. అలాంటివాడు, ఉంచిన మాటతో సంబంధం లేనిదాన్నే వదిలేస్తాడు. తెలియనివాడు మినహాయింపును వదిలేసి అర్థం మార్చేస్తాడు. ఇది మా మాటల్లో చెప్పిన సారాంశం. ఒక మౌలానా గారు ఈ సంగతి మాకు వివరించినప్పుడు, ఇరవై ఎడిటింగ్ పుస్తకాల్లో దొరకని సూత్రం దొరికిందనిపించింది.

ఆ నియమం పక్కన మా కోతను పెట్టి చూశాం. ఆటో అప్పు సంగతి వదిలేయవచ్చు. అది లేకపోయినా ఉంచిన మాటకు లోటు లేదు. ‘బోల్కే సమ్జీ థీ’ వదలడానికి వీల్లేదు. ‘మగర్ భాయీ’ అసలే వీల్లేదు. అది మినహాయింపు. ఇప్పుడు తరగతిలో పేపర్ ఎడిట్ చేసేటప్పుడు వదిలేసే ప్రతి వాక్యం పక్కన పిల్లలు ఒక గుర్తు పెడతారు. ఇది ఉంచినదానికి షరతా, మినహాయింపా, కారణమా? మూడింటిలో ఏదైనా అయితే, ఆ వాక్యమైనా ఉండాలి, లేదా రెండూ పోవాలి. ఇంటర్వ్యూలో ‘కానీ’ అన్న మాట వచ్చిన ప్రతి చోటా ఎర్ర సిరా. నాలుగు నిమిషాలు దాటితే దాటనివ్వండని కార్యవర్గాన్ని అడిగాం, ఒప్పుకున్నారు.

మళ్లీ కూర్చినప్పుడు

అసలు ఫైలు తెగదని ముందే చెప్పాం కదా. తల్లి మాట మొత్తం తిరిగి పెట్టాం. రేకు చిల్లు షాట్ తీసేశాం, ఇల్లు చూపించవద్దని అమ్మాయి మొదట్లోనే అడిగిందని అప్పుడు గుర్తు చేసింది. ఆ మైకు మౌనం కూడా పోయింది. అన్న దగ్గరికి వెళ్లి ఆటో స్టాండులో ఆయన మాట రెండు వాక్యాలు రికార్డు చేశాం. ఆటో అప్పు గురించి చెప్పవద్దన్నాడు, చెప్పలేదు. మిషన్ కుడుతున్న చేతుల మీద ఆయన గొంతు మొదలై, తర్వాత ఆయన కనిపిస్తాడు. అంటే జే కట్.

అడుగున తెలుగు అక్షరాలు వేశాం, దక్కనీ రాని దాతల కోసం. ఒకసారికి రెండు వరుసలు మించకుండా, పైకి చదివితే పూర్తయ్యేంతసేపు నిలిచేలా. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి కనుక, తయారైన ఫైలును ఆడించి ప్రతి అక్షరం చూడాలి. కూర్పులో ‘కానీ’ ఉంచి అక్షరాల్లో వదిలేస్తే మళ్లీ అదే తప్పు.

కొత్త నిడివి నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. వెనక్కి పెట్టిన వాక్యానికి ఎంత పట్టిందో, పోయినవీ వచ్చినవీ పోగా నిడివి సరిగ్గా అంతే పెరగడం కాకతాళీయం. 1920 బై 1080 సైజులో, హెచ్ 264 పద్ధతిలో, సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున తీస్తే సుమారు 250 ఎంబీ వచ్చింది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఇప్పుడు మేము పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, కూర్పు పూర్తయ్యాక కార్యవర్గం కన్నా, దాతల కన్నా ముందు అందులో కనిపించే మనుషులకు చూపించాలి. వాళ్లు తీసేయమన్నది కారణం అడగకుండా తీసేయాలి. పదో తరగతి లోపు పిల్లల ముఖాలు అసలు చూపించం. చేతులు, పుస్తకాలు, వెనుక నుంచి నడక చాలు. దీనివల్ల వీడియోలు ఆలస్యమవుతాయి, కొన్నిసార్లు చప్పగా కూడా ఉంటాయి. ఫలానా సంస్థ వీడియో చూస్తే ఏడుపొచ్చింది, మనది అలా లేదేమని ఒక దాత అడిగారు. మీరు పంపిన డబ్బుకు లెక్క, రసీదు, ఫీజు కట్టిన చలానా కాపీ ఎప్పుడు అడిగినా చూపిస్తాం, కన్నీళ్లు మాత్రం అడగవద్దని వారికి మనవి చేసుకున్నాం.

కొత్త కూర్పును తార్నాకలో వాళ్ల ఇంట్లోనే, ఫోనులో, ముందుగా ఆ తల్లికి చూపించాం. అన్న కూడా వచ్చాడు. అమ్మాయి వెనుక నిలబడి చూసింది. రెండుసార్లు చూశాక తల్లి ఒకే ఒక మార్పు అడిగింది. మిషన్ చప్పుడు కొంచెం తగ్గించండి, మా భాయీ మాట వినబడటం లేదు అని. ఆ రాత్రి మిషన్ శబ్దాన్ని ఆరు డెసిబెల్‌లు తగ్గించి మళ్లీ పంపాం.